నాలుగు వేళ్ళకోసారి

ఆరో చొక్కా కాలరు దగ్గర మొదలైంది.
నాలుగు వేళ్ళ మేర కుట్టు పడుతుంది,
టప్.
మళ్ళీ సూదికి ఎక్కిస్తాను,
మళ్ళీ నాలుగు వేళ్ళు.
గురువారానికి హాస్టలు పిల్లల చొక్కాలు అరవై ఇవ్వాలి.
గుడ్డ సరిగ్గా కొలిచి పంపారు,
తప్పుకి జానెడు చోటు కూడా మిగల్చకుండా.

ముందు దారం మీద పడ్డాను.
పార్వతీపురంలో గవర్రాజు కొట్టు రీలు,
అద్దాల బీరువాలో ఎన్ని వేసవులు మాడిందో.
రెండు చేతులా పట్టి లాగితే
నా వేలు తెగింది గానీ దారం తెగలేదు.
గవర్రాజుని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను,
ఒకటి తప్ప. అది పాత బాకీ.

సూది ఊడదీసి చూశాను.
గాడి దారం వచ్చే వైపే ఉంది.
బల్ల మీద దొర్లిస్తే మొన వణకలేదు.
అయినా మార్చాను,
పద్నాలుగు తీసి పదహారు పెట్టాను.
దానికీ నాలుగు వేళ్ళే ఆయుష్షు.

టెన్షన్ బిళ్ళల మధ్య నూగు.
పాత పంచె అంచుతో తోమితే
ఎర్రది, పచ్చది, ఎవరిదో పెళ్ళి జాకెట్టు జరీ,
రెండేళ్ళ గుణుపురం ఆ సందులోనే ఇరుక్కుని ఉంది.
మర ఒక చుట్టు వదిలాను, ఇంకో అరచుట్టు.
అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడింది,
పైన తెగడం మాత్రం మానలేదు.

ఎదురు టీ బండి దండాసి అరిచాడు,
"నూనె ఎయ్యప్పా, నోరెండిపోనాది దానికి!"
వేశాను.
ఒక చొక్కా జేబు మీద మరక, అంతే లాభం.
రాయగడ మెకానిక్కు ఫోనెత్తి
ఆదివారం వస్తానన్నాడు,
ఏ ఆదివారమో చెప్పలేదు.

బొత్తాలు కుట్టే సోంబారి అప్పుడు లేచింది.
రోజుకి పది మాటలు దాటని గుంట.
నా ముక్కాలి పీట దిండు చిరుగులోంచి
చిటికెడు దూది పీకి
దారం నడిచే దారంతా నడిపించింది:
కొక్కెం, స్ప్రింగు, ఎగిరే మీట కన్ను,
అన్నిచోట్లా జారిపోయింది దూది.
సూది దిగే పళ్ళెం చిల్లు దగ్గర
ఒక్క పోగు ఆగిపోయింది.
"అపా, ఎయిఠి."

గోరు పెట్టి చూశాను. తగిలింది.
వెంట్రుకంత పన్ను.
పోయిన మంగళవారం,
హెడ్ కానిస్టేబులు జీన్సు పేంటు,
నాలుగు మడతలు కలిసినచోట సూది ఫట్‌మని విరిగి
ఆ పళ్ళేన్నే కొట్టింది.
ముక్క ఏరి పారేశాను,
ఇరవై రూపాయలు ఎక్కువడగడానికి నోరు రాక
పోన్లెమ్మనుకున్నాను.
మిషను అనుకోలేదు.

ఎక్కడ నేర్చావే ఇది, అన్నాను.
వాళ్ళమ్మమ్మ బుట్ట అల్లేముందు
వెదురు పేళ్ళ మీద దూది రాస్తుందట,
పీచు లేచిన చోటు
చెయ్యి కంటే ముందు దూదికి తెలుస్తుందట.

జీరో పేపరు అగ్గిపుల్లకి చుట్టి
ఇద్దరం వంతులేసుకుని రుద్దాం.
నేను దారం అంటాను, కొట్లో తను సూతా అంటుంది,
మీ ఇంట్లో ఏమంటారే అని ఇవాళే అడిగాను.
చెప్పింది.
నా నోట రెండుసార్లు తెగింది ఆ మాట,
మూడోసారి నవ్వి, చాల్లే అంది.

పళ్ళెం బిగించి తొక్కాను.
నాలుగు వేళ్ళు. జానెడు. మూర.
సాయంత్రం బండి కూత వేసి వెళ్ళిపోయింది,
దండాసి గ్లాసులు కడుగుతున్నాడు,
నేను తల ఎత్తలేదు.
భుజం, చంక, పక్క కుట్టు, చెయ్యి చివరిదాకా
ఒక్క పరుగు.

చొక్కా దులిపి పట్టుకుంటే
చెయ్యి ఊడి ఒళ్ళో పడింది.
కింద బాబిన్ ఎప్పుడో ఖాళీ.
ఎక్కడ అయిపోయిందో
పైన చూసి మురిసే మనిషికి ఎలా తెలుస్తుంది?

సోంబారి నోరు మూసుకుని భుజాలు అదరగొట్టింది.
నేను కొస పట్టుకుని లాగాను.
వచ్చేసింది మొత్తం దారం,
ఎక్కడా తెగకుండా.