నలభై ఏడు

నైరోబీలో కరెంటు పోయింది.
కలొండు కొవ్వొత్తిని దగ్గరికి జరుపుకుని
కత్తెర తీసుకుంది.

ఫొటో కాగితం నిండా క్రోమోజోములు,
ఎవరో కొరికి ఉమ్మిన గోళ్లలా.
ఒక్కొక్కటే కత్తిరించి
పొడుగుకు పొడుగు, పొట్టికి పొట్టి
జత చూసి అట్ట మీద అంటిస్తోంది.
ఇరవై రెండు జతలు కుదిరాయి.
మిగిలినవి మూడు.
ఒకటి పొడుగుది, రెండు పొట్టివి.
పొట్టివి రెండూ కొసాకొసా ఆనిస్తే
సరిగ్గా పొడుగుదానంత.
తక్కువేం లేదు, ఎక్కువేం లేదు,
అయినా జత కాదు.

ఆ నెత్తురు ఇసియోలో నుంచి బస్సులో వచ్చింది,
ఐసు డబ్బాలో, టమాటా బుట్టల మధ్య.
కుందేలుకన్నా కాస్త పెద్దదైన మగ జింకది.
తల్లిది ఉత్తరపు ఎండల జాతి, ముక్కు బుల్లి తొండమై సాగింది.
తండ్రి దక్షిణపు పొదలవాడు.
ఒకే దడి లోపల కలిశారు.
పిల్లాడు చక్కగా పుట్టాడు, చక్కగా దూకాడు.

వాడి కంటి కొసన నల్లటి గుంట.
గడ్డిపరక మొనకు దాన్ని ఆనించి
జిగురుచుక్క ఒకటి వదులుతాడు:
ఇక్కడిదాకా నాది.
మూడేళ్లుగా పక్కనే ఆడది.
మూడేళ్లుగా పిల్ల లేదు.

ఎప్పుడు జరిగిందో ఎవరూ చూడలేదు.
ఏ పూర్వికురాలి కడుపులోనో
రెండు పొట్టివి ఒకదానికొకటి అతుక్కున్నాయి,
తెగిన చెప్పువార్లు ముడేసుకున్నట్టు.
ఆ రోజు సింహం ఆగి చూడలేదు.
తుమ్మచెట్టు రాల్చే ఆకే రాల్చింది.
పుట్టిన పిల్ల ఆ ముడితోనే మేసింది,
ఆ ముడితోనే పరిగెత్తింది.
తర్వాత వానల్లేని ఏళ్లు.
చెలమ చుట్టూ పదో పన్నెండో మిగిలాయి.
వరసలు చూసుకునే వీలెక్కడిది?
ముడికి ముడి జత దొరికింది.
మళ్లీ పచ్చబడి పొదలు పొదల్ని కలిసేనాటికి
ఏరు అడ్డం లేదు, కొండ అడ్డం లేదు;
గట్టు లోపల పడింది,
ఆవగింజ కూడా పట్టని చోట.

తెల్లారాక కలొండు ఫోన్ చేసింది.
దడి పక్కన లెకుర్తుత్ పళ్లపుల్ల నములుతున్నాడు.
"నలభై ఏడు.
వాళ్లమ్మకు నలభై ఎనిమిది, నాన్నకు నలభై ఆరు."
"నంబర్లు నాకొద్దు తల్లీ.
మేం మందను లెక్కపెట్టం.
సాయంత్రం దొడ్డిలోకి వస్తుంటే చూస్తాం,
లేనిదేదో రంగును బట్టి తెలిసిపోతుంది."
"వీడికి లేనిదేం లేదు.
అన్నీ ఉన్నాయి,
కూర్చునే వరసే కుదరలేదు."

అతను చాలాసేపు మాట్లాడలేదు.
ఫోన్ వెనక సన్నని ఈల.
డేగ నీడ చూసి ఆడది కూసింది:
దిక్... దిక్...
ఆ కూతనే ఆ జంతువుకు పేరు చేశారు.
తెలుగు చెవికి మరో మాట వినిపిస్తుంది;
అది ఇక్కడ రాయను.

వాడు గబగబా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.
డేగ పోయింది.
నిన్నటి పరక దగ్గరికే నడిచి
ఎండిన చుక్క మీద
ఇంకో చుక్క పెట్టాడు.