చక్కెరకేళా, కర్పూరమా

మంగాఫ్‌లో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
బియ్యం బస్తా మోసే బంగ్లా కుర్రాడు రుబెల్
నా వెనకాలే ఆగి ఆగి ఎక్కేవాడు పాపం,
బరువుకి కాదు,
నన్ను దాటి పోవడానికి దారి చాలక.

నూట ఇరవై నాలుగు కిలోలు.
మోకాళ్ళు రెండూ రాత్రిళ్ళు పోట్లాడుకునేవి.

నలభై మందికి కేరేజీలు కట్టేదాన్ని.
వంటమనిషి లావుగా ఉంటేనే మెస్సుకి నమ్మకమని
క్రేను నడిపే ఏసుపాదం నవ్వించేవాడు.
నేనూ నవ్వేదాన్ని, గరిటె నాకుతూ.
పళ్ళెం పెట్టుకుని తిన్నది ఎప్పుడని?
మూత తీసినప్పుడల్లా ఒక ముద్ద,
మాడిందొక ముద్ద,
మిగిలింది పారెయ్యలేక ఇంకో ముద్ద,
పొయ్యి దగ్గరే, నిలబడే, పదిహేడేళ్ళు.

చీటీ పాడుకుని డాక్టరు దగ్గరికెళ్ళాను.
ఈజిప్టాయన. చేతులు చిన్నవి.
కడుపులో ముప్పాతిక తీసేస్తాం,
అరటిపండంత మిగులుస్తామని
గాల్లో వేలితో గీసి చూపించాడు.
ఏ అరటిపండండీ, అని అడగబోయి ఊరుకున్నాను.
చక్కెరకేళా? కర్పూరమా?
బొంత అరటైతే రెండు పూటలు గడుస్తుంది.

కోతకి ముందు పద్నాలుగు రోజులు నీళ్ళ తిండే.
ఆ శుక్రవారం గోంగూర రొయ్యలు వండి
ఉప్పు చూడమని రుబెల్‌ని పిలిచాను.
కళ్ళు మూసుకుని, బాగుందన్నాడు.
వాడికేం తెలుసు.

లేచేసరికి పొట్ట మీద ఐదు చిల్లులు.
మందు మూతతో కొలిచి నీళ్ళు,
పావుగంటకొక గుక్క.
శువై శువై, అన్నాడు డాక్టరు, నెమ్మది నెమ్మది.
దాహానికి అరబ్బీ రాదు.

మూడో నెల జుట్టు గుప్పెడేసి దువ్వెనకొచ్చింది.
గాజులు మోచేతి దాకా పాకాయి.
జబ్బల కింద చర్మం
ఖాళీ సోనామసూరి సంచిలా వేలాడింది.
ఏసుపాదం నవ్వించడం మానేశాడు.
మెట్ల మీద గుసగుస:
సువార్తమ్మకి షుగరంటావా, ఇంకేమైనానా?
ఎయిర్‌పోర్టులో అబ్బాయి సివిల్ ఐడీ చూస్తాడు,
నన్ను చూస్తాడు, మళ్ళీ దాన్ని చూస్తాడు.
ఆ ఫోటోలో ఎవరో ఆవిడ
నా పేరు పెట్టుకుని నవ్వుతోంది.

ఊరెళ్ళేవాళ్ళ అట్టపెట్టెలు తూచే కొక్కెం కాటా
నా గదిలోనే ఉంటుంది.
ముప్పై దాటితే పాలడబ్బా తియ్యాలా,
దుప్పటి తియ్యాలా అని
ఏడుపు మొహాలు పెడతారు.
నేను నలభై ఆరు కిలోలు తీసేశాను.
ఏం తీశావని అడిగితే మాత్రం చెప్పలేను.

ఒకరోజు, పాత అలవాటే, నిలబడి
వంజరం ముక్క నమలకుండా మింగాను.
గుండెల మధ్య ఇటుక.
నోటినిండా నురగ.
బాత్రూం గచ్చు మీద అరగంట.

ఆ సాయంత్రమే స్టూలు కొన్నాను, ఎర్రటి ప్లాస్టిక్‌ది.
అప్పట్నుంచీ కూర్చుని తింటున్నాను.
పొయ్యి ఆపేస్తాను. ఫోను ఎత్తను.
కాఫీ సాసరులో
పప్పుపులుసు కలిపిన రెండు చెంచాల అన్నం,
ముద్దకి పాతిక నముళ్ళు.
నా పప్పుపులుసులో మెంతులు చేదు తగులుతాయని
పదిహేడేళ్ళకి తెలిసింది.
నలభై మందిలో ఒక్కడూ చెప్పలేదు, చూడండి.

ఆకలి మాత్రం రాలేదు.
ఆ కోసిన ముక్కతో పాటే పోయిందన్నారు.
చిన్నప్పుడు హాస్టల్లో గంట కొట్టకముందే
నన్ను లేపేది అదే.
ఇక్కడికి విమానం ఎక్కించిందీ అదే.
పోయినందుకు ఏడవాలో వద్దో తెలియక
అలారం పెట్టుకుని తింటున్నాను.

ఇది ఎనిమిదో నెల.
నిన్న రాత్రి మూడింటికి ఏదో గుర్రుమంది.
ఏసీ అనుకున్నాను.
లేచి ఏసీ కట్టేశాను.
చీకట్లో, చెమట పడుతుంటే,
పొట్ట మీద చెయ్యేసుకుని
వింటూ పడుకున్నాను.