లైన్లోనే ఉన్నాగా

రాత్రి రెండుంపావు. రాజోల్లో
సిమెంటు కొట్టు మీది గది.
పదకొండు రోజుల మనిషి నా ముంజేతి మీద,
అరటిదవ్వ లాంటి మెడతో.
రొయ్యల చెరువుల మోటార్లు చుట్టే చేతులివి.
ఏ మోటారుకి ఎన్ని చుట్లో నిద్రలో అడిగినా చెబుతాయి,
ఈ మెడ కింద ఎన్ని వేళ్లు పెట్టాలో తెలీదు.

కుట్లు లాగుతున్నాయంటూనే సువార్త
ఇప్పుడే కునుకు తీసింది.
ఖాళీగా ఉన్న బొటనవేలితో వెతుకుతున్నాను:
‘నాన్నగారి మొదటి నెల’,
హాస్య నాటిక, నలభై నిమిషాలు.
పన్నెండేళ్ల కిందట మలికిపురం హైస్కూల్లో
దానికి లైట్లు పట్టింది నేనే.
నవ్వి నవ్వి వెలుగంతా
హీరోని వదిలి తలుపు మీద పడింది.

‘నాన్న’ అని కొడితే
చచ్చిపోయిన నాన్నల పాటలొచ్చాయి.
‘నాటిక’ అంటే హార్మోనియం, కిరీటం, గద.
‘హాస్యం’ అన్నాను, ఎవడో ఎవణ్ణో చెంప మీద కొట్టాడు.
చివరికో ముక్క దొరికింది.
రెండు నిమిషాలు, వెనక వరసలోంచి,
స్టేజీ కంటే ముందువాడి బట్టతలే ఎక్కువ.
అందులో మార్కండేయులుగారు
గుడ్డ మడత పెడుతున్నారు, విప్పుతున్నారు,
మళ్లీ మడత పెడుతుండగా అయిపోయింది.

ఆయనకిప్పుడు నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ.
వేటబోట్లకి దిమ్మలెక్కించే వేళ,
మెలకువగానే ఉంటారని ధైర్యం చేశాను.

“అది ఎక్కడ చూడచ్చండి, ఆన్‌లైన్లో?”

“ఎక్కడా లేదురా ఏసుపాదం.
ఉన్న ఒక్క క్యాసెట్టూ వరదలో నానిపోయింది.
అయినా ఆన్‌లైన్ ఎందుకు,
నేను లైన్లోనే ఉన్నాగా.”

మొదలెట్టేశారు.
తండ్రీ ఆయనే, అత్తగారూ ఆయనే,
నర్సమ్మ దగ్గు కూడా ఆయనే.
వెనకాల దిమ్మలు జారుతున్నాయి.
మధ్యలో “ఆ బోటుకి ఇరవయ్యే, పాత బాకీ ఉంది” అంటే
అదీ నాటకమే అనుకుని నవ్వేశాను.
సువార్త లేస్తుందని ఆ నవ్వు పొట్టలో నొక్కితే
ముంజెయ్యి కదిలి
పదకొండు రోజుల మనిషి గుక్క పట్టింది.

అవతల డైలాగు ఆగిపోయింది.
ఐసు చప్పుడొక్కటే.

“మా నాటికలో బిడ్డంటే దిండేరా.
తెర వెనకాల ఓ కుర్రాడు ఏడవాలి.
ముప్పై ఆటలాడాం.
వెధవ, ఒక్కసారీ టైముకి ఏడవలేదు.”

కాసేపాగి, గొంతు మార్చి, అత్తగారై
“తల కింద చెయ్యి పెట్టు బాబూ, తల కింద” అన్నారు.

పెట్టాను.
అది నాటికలో ఉందో లేదో
అడగలేదు.