మూడో వంతు

గిర్నీల బెల్టు
జానయ్య మూడు వేళ్లు గుంజుకపోయి నలభై రెండొద్దులు.
సేటు నలభై వేలు పంపిండు,
ఎంబడి ఒక తెల్లకాయితం.
పైన రాత లేదు, కింద స్టాంపు అంటిచ్చి ఉంది.

నల్లగొండ గడియారం కాడ దిగి
వకీలు మెట్లెక్కినం.
చెప్పులు ఇడువాల్నా వద్దా తెల్వక ఇడిసినం.
కృపాదానం సారు అద్దాలు తుడుసుకుంట
"హాజరు పుస్తకంల పేరుందా?" అన్నడు.
పన్నెండేండ్లల్ల ఈయన ఎక్కిచ్చిన బస్తాలు
కాకినాడ దాక పోయినయి గని
ఈయన పేరు ఏడ ఎక్కలే.
"గెలిస్తే మూడో వంతు నాది. ఏడాదో, మూడేండ్లో."

బస్సుల, ఉన్న రెండు వేళ్లతోని
టికెట్టు మడతవెట్టిండు, ఇప్పిండు,
మళ్ల మడతవెట్టిండు.
వేములపల్లి దాటినంక అన్నడు:
"గాయనకు మూడో వంతిస్తే మనకేం మిగుల్తదే?"
"రెండు వంతులు" అన్న,
ఆయన చెయ్యి దిక్కు చూడకుంట.

రాత్రి పిల్లలు పండినంక
తీగకు గుచ్చిన కూలి చీటీలు దించిన.
కొన్ని చెదలు తిన్నయి.
కొన్నిట్ల గిర్నీ ముద్ర ఇంకా నీలంగనే ఉంది.
వానకు నేలంత చెమ్మ.
సేటు పంపిన తెల్లకాయితం పరిచి
దాని మీద
పాతయి కింద, కొత్తయి పైన
తేదీలు చూసి పేర్సుకుంట కూసున్న.