వెరీ అనకూడదు

చిత్తూరులో, టైర్లకు రీట్రెడింగ్ చేసే షాపు మీద
నా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు.
కింద రబ్బరు కాలుతుంటే
పైన మేం క్రియాపదాలు వల్లిస్తుంటాం.
ఆ సాయంత్రం బోర్డు మీద ఒకే మాట రాసినాను:
ఎగ్జాస్టెడ్.

టయర్డ్ అంటే అలసట, అన్నాను.
కాసేపు కూర్చుని గ్లాసు మజ్జిగ తాగితే తీరేది.
ఇది అట్లా కాదు.
చివరి చుక్క కూడా కారిపోయిన బిందె ఇది.

"డస్సిపోవడమా సార్?" అంది రెడ్డెమ్మ.
మా అవ్వ నోట ఆ మాట విని
ముప్పై ఏళ్లయింది.
అవును, డస్సిపోవడమే, అన్నాను
కాస్త సిగ్గుపడి.

ఇంక తలా ఒకటి అందుకున్నారు.
కాళ్లు పీకుతాయి, నడుము పడిపోతుంది,
రెక్కలు విరిగిపోతాయి, ఒళ్లు హూనమవుతుంది.
మన భాషలో అలసట
అవయవం అవయవానికీ వేరేగా వస్తుంది,
కూలి లెక్క రాసుకున్నట్టు.
ఇంగ్లీషులో మనిషి మొత్తానికీ ఒకటే పద్దు.

రెడ్డెమ్మది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
తోతాపురి సీజను. కోసి కోసి
వేళ్ల సందుల్లో సొన కాల్చిన నలుపు.
హాజరు పట్టీలో ఆమె సంతకం పక్కన
ఎప్పుడూ ఓ మరక.
సూపర్‌వైజరు కావాలంటే
డబ్బాల మీద రాసింది చదవాలంట.
అందుకే ఏడున్నర బ్యాచికి వస్తుంది.

"ఆ మాట నాకు తెల్సు సార్,
మా తలకాయల మీద తిరిగే ఫ్యాను పేరు గదా.
లోపలి ఆవిరంతా బయటికి తోస్తుంది.
మమ్మల్ని మాత్రం తొయ్యదు."
క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వి, రెండో అర్థం అని రాసి
ఫ్యాను బొమ్మ వేసినాను.

దొరవేలుది ట్రాక్టరు.
ఫ్యాక్టరీ గేటు ముందు మూడు రాత్రులు
కాయల లోడు మీదే పడుకున్నాడు, లైను కదల్లేదు.
కాయ మెత్తబడింది,
రేటు అంతకన్నా మెత్తబడింది.
లేచి నిలబడి చెప్పినాడు:
"ఐ యామ్ ఎగ్జాస్టింగ్."
తప్పు, అన్నాను. పనికి ఇంగ్, మనిషికి ఎడ్.
"రెండూ నేనే గదా సార్" అని
కూర్చున్నాడు.

పరీక్షలో అడుగుతారని
ఇంకో నియమం చెప్పినాను.
దీని ముందు వెరీ అనకూడదు.
వెరీ టయర్డ్ ఒప్పు. వెరీ ఎగ్జాస్టెడ్ తప్పు.
సున్నాను ఇంకా సున్నా చెయ్యలేం.
దీని తర్వాత మెట్టు లేదు.

రెడ్డెమ్మ చెయ్యెత్తింది.
"తెల్లారి మళ్లా ఆరు గంటల షిఫ్టుకి పోతాం గదా సార్.
దాన్నేమంటారు?"

కింద కంప్రెసరు ఆగింది.
చేతిలో సుద్దముక్క ఉంది, మాట లేదు.
రేపు చూద్దాం, అన్నాను.
ఆ రోజుకి అది నా ఐదో బ్యాచి.

రేపు చూడలేదు. ఎల్లుండీ చూడలేదు.
శనివారం టెస్టు పెట్టినాను, ఖాళీలు పూరింపుము:
పన్నెండు గంటల డ్యూటీ తర్వాత ఐ యామ్ డాష్.
దొరవేలు రాలేదు.
మిగిలినోళ్లు స్పెల్లింగుతో కుస్తీ పట్టినారు,
హెచ్ ఎగిరిపోయిన ఎగ్జాస్టెడ్‌లు పదకొండు.
రెడ్డెమ్మ ఆ ఖాళీలో
పెద్ద అక్షరాలతో, గీత దాటకుండా
తన పేరు రాసింది.

ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు.
మార్కు వేసి, పక్కన
వెరీ గుడ్ అని రాయబోయి
వెరీ దగ్గరే
ఆగినాను.