ఏ మందు?

ఎనుమాముల మార్కెట్ రెండో గేటు కాడ
నాదొక జిరాక్సు దుకాణం.
రెండు కంప్యూటర్లు, ఒక కుర్చీకి చెయ్యి లేదు.
మిర్చి ఘాటుకు నీ మిషిన్లు సుత తుమ్ముతయా అక్కా
అనుకుంట వస్తరు రైతులు,
పహాణీ నకళ్లకు, బ్యాంకు కాయితాలకు.

ఆ పొద్దు ఓదేలు ఉరికొచ్చిండు.
తామర పురుగుకు మందు కొడుతుంటే గాలి మర్లబడి
చేన్లనే కూలిందట వీరలచ్చి.
ఆటోల పండవెట్టి
ఎంజీఎంకు తోలిండట బామ్మర్ది.
డాక్టరు ఒక్కటే అడుగుతున్నడట:
ఏ మందు?

సీసా ఓదేలు చేతులనే ఉంది.
చీటీ నీళ్లకు నాని, చెమటకు కరిగి
ఒక ఆకు బొమ్మ మిగిలింది,
కింద ఎర్ర ముక్కోణం.

నేను కొట్టిన:
మిరప, మందు, ఆకు బొమ్మ, విషం, విరుగుడు.
తెర తెల్లగయింది.
నడుమ రెండే వరుసలు:
ప్రజాశ్రేయస్సు దృష్ట్యా, ప్రభుత్వ ఆదేశాల మేరకు
ఈ సమాచారం నిలిపివేయబడినది.

విషం తీసేసి మళ్ల కొట్టిన.
విరుగుడు తీసేసి మళ్ల.
ఆఖరికి మందు ఒక్కటే కొట్టిన.
అదీ రాలె.

మందంటే పురుగుకు కొట్టేది.
మందంటే జరమొస్తే మింగేది.
మా మామ పొద్దుగూకంగనే తాగేదీ మందే,
పటాకుల కూరేదీ మందే.
ఏది ఎప్పుడో మా దిక్కు పసిపోరన్నడిగినా చెప్తడు.
ఎక్కడనో చల్లటి గదిల తిరిగే జల్లెడకు
నాలుగూ ఒక్కటే.

మా అమ్మ చాటవట్టి చెరిగితే
పొల్లు మా కండ్ల ముందటనే ఎగిరేది.
ఏం పోయిందో, ఏం మిగిలిందో
వాకిట్ల కోళ్లకు సుత ఎరుకే.
ఈ చెరుగుడు ఎవలు చెరుగుతున్నరు?
పొల్లేది? గింజేది?
కుప్ప ఎవలింట్ల పోస్తున్నరు?

మా బాపు మొగిలి మట్టెవాడల కంపోజిటరు.
ఒకనాడు జీపు దిగినోళ్లు
కరపత్రంల నాలుగు వరుసలకు సిరా పూయించిన్రట.
రాత్రికి ఊరంత ఆ నల్లటి మరకనే చదివిందట,
లాంతరు దగ్గరికి జరుపుకొని, కాయితం మర్లేసి.
"మరక మిగిలితె మాట మిగిలినట్టే బిడ్డా" అనేటోడు.
ఇప్పుడు మరక సుత లేదు బాపూ.
తెల్లగ, కడిగిన పళ్లెం లెక్క.
ఆకలయితున్నదని ఎట్ల చెప్పాలె?

ఫోను తీసి
నర్సంపేట మందుల దుకాణం సాంబశివుణ్ణి లేపిన.
"ఆకు బొమ్మనా? ఆకు కొస వంగి ఉందా, సక్కగనా?"
వంగి ఉందన్న.
పేరు చెప్పిండు. ఓదేలు అదే పేరు
ఫోన్ల డాక్టరుకు ఒర్లిండు,
మార్కెట్ల హమాలీలు బస్తాలు దించి చూసేటట్టు.

పదిహేను రోజులకు వీరలచ్చి వచ్చింది.
కుడిచెయ్యి ఇంక వణుకుతనే ఉంది.
ఆస్పత్రి బిల్లు జిరాక్సు తీస్తుంటే
"నీ డబ్బా ఆనాడు ఎందుకు పలుకలేదే?" అన్నది.
నేనేం చెప్పలె.

అభ్యంతరాలు ఉంటే ఆన్‌లైన్‌ల తెలుపుమన్నరు.
తెలిపిన, పొల్లువోకుంట.
అందుల మందు అన్న మాట ఉన్నదని
నా అర్జీనే నిలిపివేయబడినది.

అటుక మీద బాపు పెట్టె ఉంది.
బొద్దింకలు దులిపి, సీసపక్షరాలు ఏరిన.
మ దొరికింది. దు దొరికింది, కొమ్ము కొంచెం అరిగింది.
సున్నాకే గంట పట్టింది.
మూడింటిని దారంతోని బిగించి కట్టి
దుకాణంల ప్రతి బిల్లు ఎనుక గుద్దుతున్న.

"గిదేందమ్మా, బిల్లు ఎనుక?"
మందు.
"ఏ మందు?"

గట్ల అడుగుతరనే గుద్దిన.