మూడు పొంగులు

చెనిక్కాయ చేను కుళ్లగించిన పంది
గుర్రప్ప ఉచ్చులో పడింది.
తెల్లారేసరికి లంకమల గాలంతా
కాలిన వెంట్రుకల కమురు.

పంపకాలయినాక
కార్జెం ముక్క ఒకటి బూడిదికి విసిరినారు.
మట్టిలో పడి ఎండకు మెరిసింది,
నిండా తెల్లటి నీళ్ల బుగ్గలు,
ఉడికిన సగ్గుబియ్యం మాదిరి.

దాని నోట్లోంచి నేనే లాగినా.
పండ్లు చూపించింది నాకు,
తొమ్మిదేండ్లలో మొదటిసారి.

"దానికేమయితాదిలే, కుక్క గదా"
అన్నాడు గుర్రప్ప, కత్తి తుడుచుకుంటా.
నిజమే, దానికేం కాదు.
బుగ్గ దాని కడుపులో పురుగయితాది,
పురుగు గుడ్లు బొచ్చుకంటుకుంటాయి.
ఆ బొచ్చులో మొగం పెట్టి
నిద్రపోతాది మా బుడ్డది.

పోయినేడు చిన్నోబన్న పక్కలో
కడప డాక్టర్లు కోసి తీసింది
నారింజకాయంత నీళ్లతిత్తి.
మూతి గట్టిన సీసాలో చూపించినారు.
అప్పటినుంచి నాకు
నీళ్లబుగ్గ అంటే నవ్వు రాదు.

మోకాటిలోతు తవ్వి పూడ్చినా,
పైన గుండు పెట్టినా.
బూడిది వంతు కండను
రాగిపిండితో కలిపి
మూడు పొంగులు రానిచ్చినా.
పొయ్యికాడ పొగకు కండ్లు మండినాయి.

తినింది. గిన్నె నాకింది.
పోయి ఆ గుండు పక్కనే పండుకునింది,
నా దిక్కు వీపు పెట్టి.